మ్యాచ్‌లు ఆడే పిల్లలకూ, వాళ్లను తిప్పే పెద్దలకూ: టెన్నిస్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక గేటు దగ్గర నన్ను నిలబెట్టి అడిగే ప్రశ్నలివి. కొన్ని పిల్లలవి, కొన్ని అమ్మానాన్నలవి. పిల్లలు అడిగినవాటికి ‘నువ్వు’ అనే జవాబిచ్చాను, కోర్టులో ఎలా మాట్లాడతానో అలాగే. రాకెట్ ఎలా పట్టుకోవాలి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్ల కోసం కాదు ఇది. అండర్-12, అండర్-14 టోర్నమెంట్ డ్రాల్లో పేరు వేసుకుని, ఒకటి రెండు రౌండ్ల దగ్గర ఆగిపోతున్నవాళ్ల కోసం.

బాస్కెట్ ఫీడింగ్‌లో మా అబ్బాయి అదరగొడతాడు. మ్యాచ్‌లో అవే షాట్లు నెట్‌లో పడతాయి. ఎందుకని?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే ముందు పెట్టాను.

బాస్కెట్ పక్కన నిలబడి నేను వేసే బంతి ఎప్పుడొస్తుందో, ఎక్కడ పడుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో మీవాడికి ముందే తెలుసు. నేను వేసేది కొట్టడానికి వీలైన బంతి. ప్రత్యర్థి వేసేది కొట్టడానికి వీలు కాని బంతి, వాడు వచ్చిందే అందుకు. మ్యాచ్‌లో షాట్ కొట్టడం మూడో పని. మొదటిది బంతి ఎటు వస్తోందో పోల్చుకోవడం, రెండోది అక్కడికి సమయానికి చేరడం. బాస్కెట్‌లో మూడో పనే వంద సార్లు చేస్తాడు, మొదటి రెండూ చేయనే చేయడు. మ్యాచ్‌లో బంతి నెట్‌లో పడితే ఇంటికొచ్చి ‘ఫోర్‌హ్యాండ్ పాడైపోయింది సార్’ అంటారు. ఫోర్‌హ్యాండ్‌కు ఏమీ కాలేదు, కాళ్లు ఆలస్యంగా వెళ్లాయి.

క్లబ్బుల్లో మార్కర్‌తో (సభ్యులతో ఆడటానికి క్లబ్బు పెట్టుకున్న ఆటగాడితో) ఆడించే పెద్దలకు కూడా ఇదే చెప్తాను. మార్కర్ బంతిని మీవాడి రాకెట్ దగ్గరికే వేస్తాడు. అది ఆయన ఉద్యోగం, అందులో ఆయన నిపుణుడు. గంటసేపు ర్యాలీ ఆగకుండా నడిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, అందులో సగం గొప్పతనం మార్కర్‌ది.

కొత్త షాట్ నేర్పడానికి, పాడైన షాట్ సరిచేయడానికి బాస్కెట్ కావాలి. గంటన్నర సెషన్‌లో ఇరవై నిమిషాలు దానికిస్తే చాలు. మిగతాదంతా ఎదురుగా మనిషి ఉండి, స్కోరు ఉండి ఆడాలి. 30-30 నుంచి గేమ్ మొదలుపెట్టండి. ఒక్కో పాయింట్‌కు ఒకటే సర్వ్ ఇచ్చి సెట్ ఆడించండి. క్రాస్‌కోర్ట్ (మూల నుంచి ఏటవాలుగా ఎదురు మూలకు) మాత్రమే కొడుతూ 11 పాయింట్ల వరకు ఆడించండి, సర్వీస్ లైన్‌కు ముందు పడిన బంతిని అవుట్‌గా లెక్కేయండి. ఓడినవాడు బంతులన్నీ ఏరాలి. ఈ చిన్న శిక్షే మ్యాచ్ వాతావరణాన్ని సగం తెచ్చేస్తుంది.

ఇంకొకటి. పెద్ద టోర్నమెంట్ల లెక్కల్లో సగానికి పైగా పాయింట్లు నాలుగు షాట్లలోపే అయిపోతాయి. సర్వ్, రిటర్న్, ఆ తర్వాత చెరో షాట్, అంతే. మన దగ్గర గంటసేపు ర్యాలీలు ఆడించి, లైట్లు ఆపేసే ముందు అయిదు నిమిషాలు ‘సర్వీస్ వేసుకోండి’ అంటారు. అప్పటికి భుజం అలిసిపోయి ఉంటుంది. సర్వ్ ముందు పెట్టండి.

నాది ఈస్టర్న్ గ్రిప్. సెమీ వెస్టర్న్‌కు మారమని వేరే కోచ్ అన్నారు. మారాలా?

హ్యాండిల్‌కు ఎనిమిది పలకలుంటాయి. రాకెట్ అంచు నిలువుగా పెట్టి చూస్తే పైపలక ఒకటి. కుడిచేతివాటం వాళ్లు అక్కణ్నుంచి కుడివైపుగా లెక్కపెట్టాలి. చూపుడువేలి మొదటి కణుపు రెండో పలక మీద ఉంటే కాంటినెంటల్, మూడో దాని మీద ఉంటే ఈస్టర్న్, నాలుగో దాని మీద సెమీ వెస్టర్న్. ఒక పలక కిందికి జరిగితే భుజం ఎత్తు బంతిని కొట్టడం తేలికవుతుంది, టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరగడం) సహజంగా వస్తుంది. మోకాలి కింద బంతి మాత్రం కష్టమవుతుంది.

ఫెదరర్ దాదాపు ఈస్టర్న్‌తో ఆడాడు, నడాల్ సెమీ వెస్టర్న్‌తో ఆడాడు. కాబట్టి ‘ఏది సరైనది’ అన్న గొడవ వదిలేయ్. నేను ఒకే ఒక్కటి చూస్తాను: ఎత్తుగా లేచిన బంతిని నువ్వు ముందుకు అడుగేసి కొడుతున్నావా, లేక ప్రతిసారీ వెనక్కి పరిగెత్తి అది కిందికి దిగాక కొడుతున్నావా? రెండోదైతే మారడంలో అర్థముంది. మొదటిదైతే గ్రిప్ జోలికి పోకు.

మారాలనుకుంటే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు టోర్నమెంట్ ఆడకూడదు. మధ్యలో ఒక మ్యాచ్ ఆడితే 4-4 దగ్గర చెయ్యి తనంతట తానే పాత గ్రిప్‌కు పోతుంది, చేసిన పనంతా వృథా. మా ఊళ్లో వానలకు కోర్టులు తడిసి ఆట ఆగే రోజులు ఇలాంటి పనికి బాగుంటాయి. షెడ్డు కింద అద్దం ముందు నిలబడి ఊరికే స్వింగ్ చేయడం, గోడ మీద కొట్టడం. విసుగ్గా ఉంటుంది, నిజమే.

రెండో సర్వ్ వేయాలంటే భయం. డబుల్ ఫాల్ట్‌లతోనే (రెండు సర్వ్‌లూ తప్పి) గేమ్‌లు పోతున్నాయి.

మొదటి సర్వ్ బయటపడ్డాక నువ్వేం చేస్తున్నావో ఒకసారి ఫోన్లో వీడియో తీయించుకుని చూడు. చెయ్యి నెమ్మదిస్తుంది. ‘జాగ్రత్తగా వేద్దాం’ అనుకుంటావు, అక్కడే చిక్కు. రాకెట్ వేగం తగ్గితే స్పిన్ తగ్గుతుంది. స్పిన్ లేని బంతి నెట్ దాటాక కిందికి వంగదు. అప్పుడు నీకు రెండే దారులు: నెట్‌కు తగలడం లేదా బాక్స్ దాటిపోవడం.

రెండో సర్వ్‌కు చెయ్యి మొదటి సర్వ్ అంత వేగంగానే తిరగాలి. మారేది వేగం కాదు, దిశ. బంతిని ముందుకు కొట్టే బదులు కింది నుంచి పైకి గీకాలి. బంతిని గడియారం అనుకుంటే కుడిచేతివాటం వాడికి 7 దగ్గర మొదలై 1 దగ్గర ముగియాలి. టాస్ మొదటి సర్వ్ కంటే కొంచెం ఎడమకు, తల మీదుగా ఉండాలి. బంతి నెట్‌కు రెండు మూడు అడుగుల పైనుంచి వెళ్లాలి. నెట్ మధ్యలో మూడడుగులే ఉంటుంది, పైన ఆకాశమంతా ఖాళీ. పిల్లలు ఆ మూడడుగులకు ఆనించి వేయాలనుకుంటారెందుకో!

గ్రిప్ కాంటినెంటల్ కాకపోతే ఇదంతా కుదరదు. ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో సర్వ్ వేసే పిల్లలు అండర్-12లో గెలుస్తారు కూడా, ఆ గెలుపు చూసి ఎవరూ మార్చరు. పద్నాలుగేళ్లొచ్చేసరికి ఆ రెండో సర్వ్ ఎదుటివాడికి ప్రసాదం అవుతుంది. ఓడినా సరే, పదకొండేళ్లకే మార్పించండి.

ప్రాక్టీస్ ఇలా చేయి. మొదట బేస్‌లైన్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వేయి, కింద ఏదైనా మెత్తటిది వేసుకో. అంత కిందినుంచి నెట్ దాటించాలంటే పైకి కొట్టక తప్పదు, ఆ కదలిక ఒంటికి అర్థమవుతుంది. తర్వాత లేచి వేయి. సెషన్ చివర వరసగా పది రెండో సర్వ్‌లు లోపల పడాలి. తొమ్మిదోది తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఆ తొమ్మిదో దాని దగ్గర వచ్చే గుండెదడే మ్యాచ్‌లోనూ వచ్చేది. టాస్ చెడితే కొట్టకు, పట్టుకో. రాకెట్ ఊపనంతవరకు అది ఫాల్ట్ కాదు.

సర్వ్ వేగంగా వేసేవాళ్లకు రిటర్న్ ఎలా?

రాకెట్ వెనక్కి తీయకు. భుజాలు తిప్పితే చాలు, రాకెట్ దానంతటదే తగినంత వెనక్కి వెళ్తుంది. మధ్యలో లోతుగా వేయి. గొప్ప రిటర్న్ అక్కర్లేదు, వాడు ఇంకో బంతి ఆడేలా చేస్తే చాలు. రెండో సర్వ్‌కు మాత్రం ఒకటిన్నర అడుగు లోపలికి వచ్చి నిలబడు. వాడు నిన్ను చూడాలి. చూస్తే చాలు, కొన్ని డబుల్ ఫాల్ట్‌లు ఉచితంగా వస్తాయి.

స్ప్లిట్ స్టెప్ (ఎదుటివాడు కొట్టే వేళకు వేసే చిన్న గెంతు) చేస్తూనే ఉన్నాను, అయినా బంతికి ఆలస్యంగా చేరుతున్నాను.

చేస్తున్నావు, వేళ తప్పి చేస్తున్నావు. నూటికి తొంభైమంది పిల్లలు ఎదుటివాడు కొట్టేశాక గెంతుతారు. కొందరు అలవాటుగా గెంతుతూనే ఉంటారు, స్కిప్పింగ్ ఆడుతున్నట్టు. రెండూ పనికిరావు.

ప్రత్యర్థి రాకెట్ ముందుకు కదలడం మొదలవగానే నువ్వు నేల వదలాలి. వాడి రాకెట్‌కు బంతి తగిలే క్షణంలో నువ్వు గాలిలో ఉండాలి. కిందికి దిగేసరికి బంతి ఎటు వస్తోందో కంటికి తెలిసిపోవాలి. బాగా ఆడేవాళ్లను నెమ్మదిగా తిప్పిన వీడియోలో చూడు. రెండు కాళ్లూ ఒకేసారి దిగవు. బంతి కుడికి వస్తోందంటే ఎడమకాలు ఒక వెంట్రుకవాసి ముందు దిగుతుంది, కుడి పాదం దిగుతూనే కుడివైపుకు తిరిగిపోతుంది. ఎత్తు గెంతక్కర్లేదు. నేలకూ చెప్పుకూ మధ్య ఒక నోటుపుస్తకం పట్టేంత చాలు.

దీన్ని రాకెట్ లేకుండా నేర్పుతాను. ఇద్దరు ర్యాలీ ఆడుతుంటే మూడోవాడు ఒకడి వెనక, కంచె దగ్గర నిలబడి ఎదుటివాడిని చూస్తూ స్ప్లిట్ స్టెప్ వేసి, బంతి వచ్చే వైపు ఒక్క అడుగు వేయాలి. పది నిమిషాలు. బంతి కొట్టే పని లేదు కాబట్టి కళ్లు ఎదుటివాడి భుజం మీద, రాకెట్ మీద ఉంటాయి. రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. పిల్లలు దీన్ని చాకిరీ అనుకుంటారు. నేను కోర్టుకు ఆరుగురున్న రోజుల్లో ఖాళీగా నిలబడ్డవాళ్లతో ఏదో ఒకటి చేయించాలని మొదలుపెట్టాను, తీరా అదే నా దగ్గర అన్నిటికంటే పనికొచ్చే డ్రిల్ అయింది.

షాట్ కొట్టిన ప్రతిసారీ కోర్టు మధ్యకు రావాలా?

మధ్యకు కాదు. ఎదుటివాడు కొట్టగలిగే రెండు కొసల మధ్యకు. ఇవి రెండూ ఒకటి కావు.

నువ్వు కుడి మూల నుంచి క్రాస్‌కోర్ట్ కొట్టావనుకో. బంతి వాడి కుడి మూలకు వెళ్లింది. అక్కణ్నుంచి వాడు నీ కుడివైపుకు ఏటవాలుగా బాగా బయటికి కొట్టగలడు, నీ ఎడమవైపు లైన్ వెంట తిన్నగా కొట్టగలడు. ఈ రెండింటి మధ్య చోటు సెంటర్ మార్కుకు కుడివైపు ఒకటి రెండడుగుల దగ్గర ఉంటుంది. అంటే నువ్వు మధ్యదాకా కూడా రానక్కర్లేదు. అదే మూల నుంచి లైన్ వెంట కొడితే లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు నువ్వు సెంటర్ మార్కు దాటి ఎడమవైపుకు పోవాలి. దూరం ఎక్కువ, పైగా తిన్నగా వెళ్లే బంతి వాడిని త్వరగా చేరుతుంది, నీకు సమయం తక్కువ.

క్రాస్‌కోర్ట్‌కు ఇంకో రెండు లాభాలున్నాయి. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ వెడల్పు 27. మూల నుంచి మూలకు కొలిస్తే 82 అడుగుల పైనే. అంటే బంతి లోపల పడటానికి నాలుగడుగులు ఎక్కువ చోటు. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. క్రాస్‌కోర్ట్ బంతి తక్కువ ఎత్తున్న చోట దాటుతుంది. ఇది చెప్తే ఎనిమిదో తరగతి పిల్లలు పైథాగరస్ వేసి నన్ను పరీక్షిస్తారు. వేయనివ్వండి, ఆ రోజు నుంచి లైన్ వెంట ఊరికే కొట్టడం మానేస్తారు.

అలసిపోయి ఉన్నప్పుడు, ఒంటి కాలి మీద ఉన్నప్పుడు, సందేహం ఉన్నప్పుడు క్రాస్‌కోర్ట్. లైన్ వెంట కొట్టాలంటే రెండు కాళ్లూ నేల మీద ఉండి, బంతి నీ నడుము ఎత్తులో, బేస్‌లైన్ లోపల ఉండాలి. మూల నుంచి వెనక్కి వచ్చేటప్పుడు మొదటి అడుగు కాలు అడ్డంగా దాటించి వేయి, తర్వాత పక్కకు జరుగుతూ రా. మొదటి నుంచీ పక్కకు జరుగుతూ వస్తే చేరలేవు.

రోజూ బీచ్ రోడ్డులో అయిదు కిలోమీటర్లు పరిగెత్తిస్తున్నాను. సరిపోతుందా?

ఆరోగ్యానికి మంచిదే. టెన్నిస్‌కు వారంలో రెండు రోజులు చాలు. మ్యాచ్‌లో ఒకే వేగంతో అరగంట పరుగు ఎక్కడా లేదు. నాలుగైదు మీటర్లు దూకడం, ఆగడం, వెనక్కి తిరగడం, ఇరవై సెకన్లు ఊపిరి తీసుకోవడం ఉంటాయి. డబుల్స్ సైడ్‌లైన్ నుంచి సైడ్‌లైన్‌కు పరుగులు, మధ్యలో 25 సెకన్ల విశ్రాంతి, అలా పది చేయించండి. ఆగడం నేర్పండి, పరిగెత్తడం వాళ్లకొచ్చు. ఒక మాట: రన్నింగ్ షూస్‌తో కోర్టులోకి పంపకండి. వాటి అంచు పక్కకు ఆగేటప్పుడు ఆసరా ఇవ్వదు, చీలమండ మడత పడుతుంది.

రాకెట్‌కు గట్టింగ్ (తీగలు) ఎంత టెన్షన్‌లో (బిగుతులో) వేయించాలి?

టెన్షన్ పెరిగితే బంతి మీద అదుపు ఎక్కువ, బలం నువ్వే ఇచ్చుకోవాలి. తగ్గితే బంతి తేలిగ్గా వెళ్తుంది. మామూలు మల్టీ లేదా సింథటిక్ గట్ అయితే 50 నుంచి 55 పౌండ్ల మధ్య మొదలుపెట్టండి. పాలిస్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి అంతకంటే నాలుగైదు పౌండ్లు తగ్గించాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు పూర్తి పాలిస్టర్ నేను వేయించను. టీవీలో చూసి అడుగుతారు. ఆ మోచేయి వాళ్లకు ఇంకో యాభై ఏళ్లు కావాలి.

ఎన్నాళ్లకు మార్చాలి? వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి అన్నిసార్లు అని పాత లెక్క ఒకటుంది. అది క్లబ్బులో ఆడేవాళ్లకు. టోర్నమెంట్లు ఆడేవాళ్లకు చాలదు. గట్ తెగేదాకా ఆగకండి. పాలిస్టర్ తెగకముందే జీవం పోతుంది. రాకెట్ మీద గట్టింగ్ తేదీ, టెన్షన్ రాసిన చిన్న స్టిక్కర్ అంటించండి. నేను ఆడే రోజుల్లో ఒక దుకాణంలో 54 అడిగితే ఎంత వేశారో ఇప్పటికీ తెలియదు, మొదటి రౌండ్‌లో బంతులన్నీ కంచెకు తగిలాయి. అప్పట్నుంచి మ్యాచ్‌కు ముందురోజు గట్టింగ్ వేయించడం మానేశాను. మూడు రోజుల ముందు వేయించి, ఒక గంటైనా ఆడి చూడాలి. రెండు రాకెట్లూ ఒకే రకం, ఒకే టెన్షన్.

బెంగళూరు వెళ్తే మా అమ్మాయి బంతులన్నీ బయటికే పోతాయి. ఎందుకు?

రెండు కారణాలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పల్చన. విశాఖలో, విజయవాడలో ఆడే బంతి అక్కడ కొంచెం ఎక్కువ దూరం పోతుంది, ఎక్కువ లేస్తుంది. హైదరాబాద్ కూడా 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడా కొద్దిగా తెలుస్తుంది. టెన్షన్ రెండు పౌండ్లు పెంచి, టాప్‌స్పిన్ మీద ఆధారపడమనండి. వీలైతే ఒకరోజు ముందు చేరండి.

రెండోది బంతులు. మన దగ్గర ప్రాక్టీస్ నెలల నాటి అరిగిన బంతులతో. టోర్నమెంట్‌లో డబ్బా మూత తీసిన కొత్త బంతి. అది బుల్లెట్‌లా వెళ్తుంది. మ్యాచ్‌కు ముందు మూడు నాలుగు రోజులు కొత్త డబ్బాతో ఆడించండి. ఖర్చే, కానీ రైలు టికెట్లు, హోటల్ పెట్టాక ఈ డబ్బా దగ్గర పొదుపు చేయడం నాకు అర్థం కాదు.

మ్యాచ్ రోజు ఏం తినిపించాలి?

కొత్తది ఏదీ వద్దు. ఇంట్లో ఏది తిని ప్రాక్టీస్‌కు వస్తున్నారో అదే. మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, పప్పు, కొంచెం పెరుగు బాగుంటుంది. నూనె, కారం తక్కువ. గంటన్నర, రెండు గంటలే ఉంటే ఇడ్లీ, చట్నీ తగ్గించి. అరగంట ముందు ఒక అరటిపండు. పూరీ, వడ, బజ్జీ కడుపులో బరువుగా కూర్చుంటాయి. ఊరు మారితే ‘ఇక్కడి బిర్యానీ తినకుండా ఎలా’ అంటారు. డ్రాలోంచి బయటికి వచ్చాక తినండి.

మ్యాచ్ ఎన్నింటికో తెలియకపోవడమే మన టోర్నమెంట్లలో అసలు కష్టం. ‘మూడో మ్యాచ్’ అని రాసి ఉంటుంది, ముందున్న రెండు మ్యాచ్‌లూ ఒక గంటలో అయిపోవచ్చు, నాలుగు గంటలు సాగొచ్చు. అందుకే పెద్ద భోజనం ఒకేసారి పెట్టకుండా పెరుగన్నం చిన్న డబ్బాలో, అరటిపళ్లు, ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీ సంచిలో ఉంచండి. ముందు మ్యాచ్ రెండో సెట్‌లోకి వెళ్లాక గట్టి తిండి ఆపేయాలి.

మూడో సెట్‌లో పిక్కలు పట్టేస్తున్నాయి. కొబ్బరినీళ్లు బాగా తాగిస్తున్నాను.

చెమటలో ఎక్కువగా పోయేది ఉప్పు, అంటే సోడియం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మంచి పానీయమే, ఒక్కదానితో సరిపోదు. ఉప్పు వేసిన మజ్జిగ ముందురోజు నుంచి తాగించండి. మ్యాచ్‌లో ఓఆర్‌ఎస్ పొడి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నింటిలోనే కలిపి. దానిలా కనిపించే తీపి జ్యూస్ డబ్బాలు వేరు, అవి వద్దు. ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగించడం కూడా మంచిది కాదు.

విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్ పొడి ఎండలో చెమట కనబడకుండానే ఆరిపోతుంది కాబట్టి దాహం వేయలేదనుకుంటారు. ఎక్కడైనా సైడ్ మారిన ప్రతిసారీ నాలుగైదు గుక్కలు. ఐసు ముక్కలు చుట్టిన తడి తువ్వాలు మెడ మీద. తల తిరగడం, వణుకు, తికమకగా మాట్లాడటం కనిపిస్తే మ్యాచ్ ఆపించి నీడకు తీసుకెళ్లి ఒళ్లు చల్లబరిచి డాక్టర్‌ను పిలవండి. ఆ స్థితిలో ‘ఇంకో రెండు గేమ్‌లే కదా’ అనకూడదు. పిక్కలు పట్టేయడానికి అలసట కూడా కారణమే. రెండు సెట్లకే అలవాటుపడ్డ కాళ్లు మూడో సెట్‌లో మొరాయిస్తాయి.

నాకింగ్ (మ్యాచ్‌కు ముందు ప్రత్యర్థితో బంతి కొట్టుకునే) అయిదు నిమిషాల్లో ఏం చేయాలి?

ఒళ్లు వేడెక్కించుకోవడానికి కాదు అది. ఆ పని కోర్టులోకి వెళ్లకముందే అయిపోవాలి: పదిహేను నిమిషాలు జాగింగ్, మోకాళ్లు ఎత్తుతూ నడక, భుజాలు తిప్పడం, నీడ స్వింగ్‌లు. నిలబడి కండరాన్ని లాగి పట్టే స్ట్రెచింగ్ మ్యాచ్ అయ్యాకే.

నాకింగ్‌లో ఎదుటివాడిని చదువు. బ్యాక్‌హ్యాండ్‌కు ఎత్తుగా ఒకటి వేయి, తక్కువగా స్లైస్ ఒకటి వేయి. వాలీకి (నెట్ దగ్గర బంతి నేల తగలకముందే కొట్టడానికి) వచ్చినప్పుడు ఇష్టంగా వచ్చాడా, తప్పదన్నట్టు వచ్చాడా? రెండో సర్వ్‌కు గ్రిప్ మారుస్తున్నాడా? గాలి ఎటు, సూర్యుడు ఎటు? ఇందులో రెండు విషయాలు తెలిస్తే చాలు. నాకింగ్‌లో గెలవాలని గట్టిగా కొట్టేవాళ్లుంటారు, కొట్టుకోనివ్వు.

ఆకాశానికి ఎత్తి ఎత్తి కొట్టేవాళ్లతో ఆడితే పిచ్చెక్కుతుంది. అది టెన్నిసేనా సార్?

టెన్నిసే. వాడు గెలుస్తున్నాడు కదా!

ఆ బంతిని బేస్‌లైన్ వెనక ఆరడుగుల దూరం నుంచి విన్నర్ కొట్టాలనుకోవడమే వాడికి కావలసింది. నీకు మూడు దారులున్నాయి. ఒకటి, నువ్వూ అంతే ఎత్తుగా వాడి బ్యాక్‌హ్యాండ్‌కు వేయి, ఎవరి సహనం ఎక్కువో చూద్దాం. రెండు, బంతి లేస్తుండగానే లోపలికి వచ్చి కొట్టు, లేదా నేల తగలనివ్వకుండా డ్రైవ్ వాలీ ఆడు. దీన్ని ముందు ప్రాక్టీస్ చేసి ఉండాలి, మ్యాచ్‌లో మొదటిసారి కాదు. మూడు, పొట్టిగా వేసి వాడిని నెట్ దగ్గరికి పిలువు. ఎత్తి కొట్టేవాళ్లలో చాలామందికి నెట్ దగ్గర చేతులాడవు. నాకు మూడోది ఇష్టం. అన్నిటికీ ముందు, వాడిని ‘పుషర్’ (కొట్టకుండా బంతిని ఊరికే తోసేవాడు) అని మనసులో తిట్టుకోవడం ఆపు. అలా తిట్టుకుంటూ నేను పోగొట్టుకున్న మ్యాచ్‌లు ఒకటి రెండు కాదు.

అంపైర్ లేని మ్యాచ్‌లో అవతలి పిల్ల లోపల పడ్డ బంతుల్ని అవుట్ అంటోంది. ఏం చేయాలి?

ఎవరి వైపు బంతి వాళ్లే చెప్పాలి, అనుమానం ఉంటే అది లోపల పడ్డట్టే, గీత అంచుకు తగిలినా లోపలే. ఇవి నియమాలు. మొదటిసారికి ‘కచ్చితంగా చూశావా?’ అని మర్యాదగా అడుగు. రెండోసారి కూడా అనిపిస్తే వాదించకుండా ఆట ఆపి రిఫరీని పిలువు. నీ హక్కు అది. ఆయన వచ్చి నిలబడితే కాల్స్ మారిపోతాయి. ఆ తర్వాత గీతలకు రెండడుగులు లోపలికి కొట్టు.

స్కోరు గొడవలు ఇంకా ఎక్కువ. సర్వ్ వేసే ప్రతిసారీ స్కోరు గట్టిగా చెప్పు. ఎదుటివాళ్లు చెప్పకపోతే నువ్వు అడుగు. కంచె బయటి నుంచి అమ్మానాన్నలు కాల్స్ చెప్పకూడదు, అది పిల్లలకే నష్టం. కోచ్ మాట్లాడొచ్చా లేదా అన్నది టోర్నమెంట్‌ను బట్టి ఉంటుంది. 2025 నుంచి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) నియమాల్లో కోర్టు బయటి నుంచి కోచింగ్‌కు వీలు కల్పించారు కానీ, అమలు చేయాలా వద్దా అన్నది నిర్వాహకుల ఇష్టం. ముందే రిఫరీని అడిగి తెలుసుకోండి.

5-2లో ఉండగా టెన్షన్ వచ్చి 5-7తో ఓడిపోయాను.

టెన్షన్ రాకుండా చేసే మందు నా దగ్గర లేదు. వచ్చినప్పుడు చేయాల్సిన పని ఉంది. పాయింట్‌కూ పాయింట్‌కూ మధ్య 25 సెకన్లు ఉంటాయి, టెన్షన్ వచ్చినవాళ్లు పది సెకన్లలోనే సర్వ్ వేసేస్తారు. త్వరగా అయిపోతే బాగుండునని.

పాయింట్ అవగానే వెనక్కి తిరుగు, రాకెట్ ఎడమచేతిలోకి మార్చు. కంచె దాకా నడువు. గట్ సర్దుకుంటూ ఊపిరి నెమ్మదిగా వదులు. తర్వాత ఒకే ఒక్క నిర్ణయం: ఈ సర్వ్ ఎటు? అంతే. ‘ఇంకో నాలుగు పాయింట్లు’ అన్న లెక్క వద్దు. బంతిని ప్రతిసారీ అన్నే సార్లు నేలకు కొట్టి వేయి. ఇది ప్రాక్టీస్ సెట్లలో కూడా చేయాలి, లేకపోతే మ్యాచ్‌లో గుర్తుకురాదు.

ఫెదరర్ 2024లో డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ తన లెక్క తానే చెప్పాడు: 1,526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడితే దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ మొత్తం పాయింట్లలో గెలిచింది 54 శాతమే. అంత ఆటగాడు దాదాపు సగం పాయింట్లు పోగొట్టుకున్నాడు. నువ్వు ఒక్క డబుల్ ఫాల్ట్‌కు రాకెట్ నేలకేసి కొడుతున్నావు.

సింగిల్స్ మీదే దృష్టి పెట్టాలి కదా, డబుల్స్ ఎందుకు?

సర్వ్, రిటర్న్, వాలీ మూడూ పదునెక్కుతాయి కాబట్టి. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా 2003లో వింబుల్డన్ గెలిచింది బాలికల డబుల్స్‌లో. సింగిల్స్‌లో 2007లో ప్రపంచ 27వ ర్యాంకు దాకా వెళ్లింది, 2015లో డబుల్స్‌లో నంబర్ వన్ అయింది. మన సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. ఊరు దాటి వెళ్లాక స్నేహితులు కూడా డబుల్స్‌లోనే దొరుకుతారు.

మా అమ్మాయి నడుము నొప్పి అంటోంది. రెండు రోజులు ఆపితే చాలా?

ఎదిగే వయసులో సర్వ్ వేసేటప్పుడు వెనక్కి వంగితే వచ్చే నడుము కింది నొప్పిని తేలిగ్గా తీసుకోకండి. వెన్నుపూసలో సన్నని చీలిక కావచ్చు, టీనేజ్ టెన్నిస్ పిల్లల్లో అది తెలిసిన సమస్యే. నొప్పి మాత్ర వేసి ఆడించవద్దు. క్రీడా గాయాలు చూసే డాక్టర్‌కు చూపించండి. వారానికి ఒక రోజు మొత్తం విశ్రాంతి, ఏడాదిలో కొన్ని వారాలు రాకెట్ ముట్టని సెలవు ఉండాలి.

ఓడిపోయాక కారులో ఏం మాట్లాడాలి?

‘ఆకలేస్తోందా?’ అని అడగండి.

మ్యాచ్ సంగతి ఆ రోజు వద్దు. వాడే మొదలుపెడితే వినండి. మరుసటి రోజు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను: ఏ షాట్ నిన్ను కాపాడింది, ఏ స్కోరు దగ్గర నువ్వు తొందరపడ్డావు? నోటుపుస్తకంలో నాలుగు లైన్లు రాయమంటాను. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం తిప్పితే ఒకే లైన్ పదిసార్లు కనిపిస్తుంది. మా బ్యాచ్‌లో ఒక పిల్ల పుస్తకంలో పదకొండు చోట్ల ‘రెండో సర్వ్’ అని ఉంది. సోమవారం ఏం ప్రాక్టీస్ చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.